గేజి సున్నా చూపించినా నట్టు విప్పొద్దు

చిరంజీవి పద్మకు, పెదనాయన దీవెనలు.

నువ్వు గ్యాస్ హైడ్రేట్ల మీద పరిశోధనకు చేరుతున్నావని మీ నాయన చెప్పినాడు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున 2006లో మీథేన్ గ్యాస్‌ను లోపల పట్టుకున్న మంచులాంటి ఈ హైడ్రేట్ బయటపడినప్పటి నుంచీ మనింటి పిల్ల ఎవరైనా ఈ పని పడితే బాగుండునని నాకుండేది. తిరుపతిలో తెలిసినోళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి పడుకుంటే మాత్రం హైడ్రేట్ కట్టించే ప్రెషర్ సెల్లే, ఆ మందపాటి స్టీలు పాత్రే, కళ్ళ ముందు ఆడింది. ఎస్వీ యూనివర్సిటీలో నువ్వు కడిగిన గాజు సామాను వేరు తల్లీ, ఇది వేరు.

కళ్ళద్దాలు, లీకు పరీక్ష సంగతి నీకు తెలిసిందే. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు.

హైడ్రేట్ కట్టాలంటే ఓపిక ఉండాల. అది నీకు చిన్నప్పట్నుంచీ తక్కువే. 4 డిగ్రీల దగ్గర మీథేన్‌కు సుమారు 40 బార్ల ప్రెషర్ కావాలి. ఇంకా ఎక్కువిచ్చినా వెంటనే కట్టదు. ఒకరోజు గంటలో మొదలవుతుంది, ఇంకోరోజు తెల్లారినా కదలదు. నీళ్ళ మీద పొర కట్టి కింది నీళ్ళకు గ్యాస్ అందకుండా చేస్తుంది, కలుపుతూనే ఉండు. ఉష్ణోగ్రత ఉన్నట్టుండి కాస్త లేచి, ప్రెషర్ జారిందా, నీటి అణువులు మీథేన్ చుట్టూ పంజరాలు అల్లడం మొదలైనట్టే. కరిగిన నీళ్ళనే సరిగ్గా వేడి చెయ్యకుండా మళ్ళీ వాడితే రెండోసారి తొందరగా కడుతుంది. అది చూసి నీ పద్ధతి గొప్పదని రాసుకున్నావంటే నేనే వచ్చి కొట్టేయిస్తా.

నాకు భయమంతా అది విడిపోయేటప్పుడే. ఒక ఘనమీటరు హైడ్రేట్‌లోంచి మామూలు ప్రెషర్ దగ్గర దాదాపు 160 ఘనమీటర్ల గ్యాస్ వస్తుంది.

నేను పనిచేసిన చోట ఒక పిల్లోడుండేవాడు, చురుకైనోడు. సెల్లు నుంచి బయటికొచ్చే సన్నని స్టీలు గొట్టంలో హైడ్రేట్ అడ్డుపడింది. చివర వాల్వు తెరిచినాడు. అక్కడున్న గేజి ముల్లు సున్నాకొచ్చింది. ఖాళీ అయిందనుకున్నాడు. ఆ గేజి అడ్డుకు ఇవతల ఉంది, అవతల సెల్లులో ప్రెషర్ అట్లే ఉంది. గొట్టం మీద వేడినీళ్ళు పోసి, స్పానర్‌తో నట్టు వదులు చేసినాడు. అంచులు కరిగి గొట్టాన్ని వదిలినాయి. వెనకున్న గ్యాస్ ఆ ముక్కను తూటా మాదిరి తోసింది. నేను పక్క గదిలోంచి పరిగెత్తేసరికి స్పానర్ గోడ దగ్గర పడుంది, వానికి రెండు వేళ్ళు నుజ్జయినాయి. అమ్మకు చెప్పొద్దు సార్ అన్నాడు, నొప్పని అనలేదు. ఆ వేళ్ళతో మళ్ళీ పెన్ను సరిగా పట్టలేకపోయినాడు.

అందుకే అడ్డుపడితే రెండు పక్కలా ప్రెషర్ సమానంగా, నెమ్మదిగా దించు. మధ్యలో మాత్రం వేడి చెయ్యొద్దు, రెండు కొసలూ మూసుకునుంటే పుట్టిన గ్యాస్‌కు దారుండదు. ఒక్కసారిగా దించినా కష్టమే. విడిపోతూ హైడ్రేట్ వేడిని లాక్కుంటుంది, సున్నా కిందికి పోతే వచ్చిన నీళ్ళు మంచు కట్టి మిగతాది కరగనీవు. ఆ రోజు ఇంటికి ఆలస్యమైనా ఫర్వాలేదు. తోడు లేకుండా మాత్రం రాత్రిపూట ఆ గదిలో ఉండొద్దు, మీ సార్ చెప్పినా సరే.

చేరిన రోజే సేఫ్టీ వాల్వు ఎంత ప్రెషర్‌కు తెరుచుకుంటుందో, సెల్లు మీద ఎంతని చెక్కుందో చూసి నాకు ఫోన్ చెయ్యి. సేఫ్టీ వాల్వు అంకె పెద్దదైతే మీ సార్‌తో నేను మాట్లాడతా.

మీ పెదనాయన
తిరుపతి