వంటింటి సందేహాలు: గ్రాముల లెక్క, గిన్నెల కొలత

ప్రశ్న: ఉస్మానియా బిస్కెట్ల కోసం మైదా 250 గ్రాములు, వెన్న 150 గ్రాములు, పంచదార పొడి 100 గ్రాములు అని రాసుకున్నాను. ఇంట్లో త్రాసు లేనందువల్ల, మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసుతో అవే అంకెల వరకు కొలిచి కలిపాను. పిండి ముద్ద కట్టలేదు. ఓవెన్‌లో బిస్కెట్లన్నీ పరుచుకుపోయాయి. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: గ్రాము బరువును చెబుతుంది, మిల్లీలీటరు ఆ వస్తువు ఆక్రమించే చోటును చెబుతుంది; ఈ రెండు అంకెలూ సరిపోయేది నీటికి, దాదాపుగా పాలకు మాత్రమే. మీ గ్లాసులో 250 గీత వరకు పోసిన మైదా సుమారు 130 గ్రాములే తూగుతుంది, 100 గీత వరకు పోసిన పంచదార పొడి 50 గ్రాములకు మించదు, కానీ 150 గీత వరకు నింపిన వెన్న 140 గ్రాములు దాటుతుంది. మూడూ సగానికి తగ్గి ఉంటే బిస్కెట్లు తక్కువ వచ్చేవి, అంతే. మైదా, పంచదార సగమై వెన్న మాత్రం దాదాపు పూర్తిగా పడటం వల్లనే పిండి జారిపోయింది.

240 మిల్లీలీటర్ల కప్పుతో అయితే మైదా రెండు కప్పులు, వెన్న కప్పులో మూడింట రెండు వంతులు, పంచదార పొడి ముప్పావు కప్పుకు పైన ఒక పెద్ద చెంచా తీసుకోండి. మైదాను చెంచాతో కప్పులోకి వదిలి, పైన చాకుతో చదును చేస్తే కప్పుకు 120 నుంచి 125 గ్రాములు వస్తుంది. డబ్బాలో కప్పు ముంచి తీస్తే పిండి అణిగి 140 గ్రాములైనా తూగవచ్చు. అదే కప్పులో మామూలు పంచదార 200 గ్రాములు పడుతుంది. కిరాణా కొట్టులో లీటరు నూనె ప్యాకెట్టు మీద 910 గ్రాములని ఉండటం మీరు చూసే ఉంటారు. అక్కడా కారణం ఇదే. కప్పు అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు: ఆస్ట్రేలియా కప్పు 250 మిల్లీలీటర్లు, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లే. తరచుగా బేకింగ్ చేసేవారు చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అమ్మగారు ఆవకాయకు కారం, ఆవపిండి, ఉప్పు మూడూ సోలతో సమానంగా కొలిచేవారు. నేను మూడింటినీ అరకిలో చొప్పున కొని కలపవచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కలపకండి. ఒకే సోలలో ఉప్పు, కారం కంటే సుమారు రెట్టింపు తూగుతుంది. అందువల్ల సమాన బరువులు తీసుకుంటే ఉప్పు మీ అమ్మగారు వేసినదానిలో సగానికి పడిపోయి, ఊరగాయ నిలవ ఉండదు. ఆవిడ లెక్క గిన్నెల లెక్క కనుక దానిని గిన్నెలలోనే ఉంచండి. సోల దొరకకపోయినా ఇబ్బంది లేదు, ముక్కలతో సహా అన్నింటినీ ఒకే పొడి గిన్నెతో కొలిస్తే పాళ్లు మారవు. కల్లుప్పు వాడేటట్లయితే ముందుగా దంచి, ఆ తరువాతే కొలవండి. గళ్లుగా ఉన్నప్పుడు మధ్యలో ఖాళీ మిగిలి ఉప్పు తక్కువ పడుతుంది.