తాత పంట కాపలా తుపాకీ ఇటుకల పండక్కి ఇవ్వొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకర్థమైనంత వరకు ఇదీ. మీది శృంగవరపుకోట దగ్గర కొండ కింద ఊరు. తాతగారికి డెబ్బై దాటాయి. పందుల నుంచి పంట కాపాడుకోవడానికి ఆయన పేర లైసెన్సున్న, గొట్టంలో మందు దట్టించే పాతకాలం తుపాకీ ఇంట్లో ఉంది. చైత్రంలో మన్యం గిరిజనులు చేసుకునే ఇటుకల పండగ వేటకి దాన్ని రెండ్రోజులు ఇమ్మని అనంతగిరి చుట్టాలు అడుగుతున్నారు, కాదంటే బాగోదు.

ఇవ్వకండి. బాగోకపోతే మానె.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. మన దేశంలో వేటకి అనుమతి ఉండే సీజన్ అంటూ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పందిని కొట్టినా, కుందేలుని కొట్టినా కేసే. పంటకి నష్టమైతే అటవీ శాఖకి అర్జీ పెట్టుకోవాలి, వాళ్లు రాతపూర్వకంగా అనుమతిస్తేనే పందిని కొట్టాలి. ఇక తుపాకీ. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుదారు దగ్గర లేనప్పుడు ఆయన రాసిచ్చిన కాగితంతో ఇంకొకరు దాన్ని మోసుకెళ్లొచ్చు గానీ అది రిపేరుకో, లైసెన్సు రెన్యువల్‌కో, ఆయన వాడుకకి ఆయనకి అందించడానికో మాత్రమే. చుట్టాలు వేటకి పట్టుకెళ్తామంటే ఆ కాగితం పనికిరాదు. పట్టుకెళ్లినవాడితో పాటు ఇచ్చిన తాతగారి మీదా కేసు పడుతుంది.

కేసు కంటే నాకు భయం వేరేది. మాది మందస వైపు ఊరు. మా పెదనాన్నకి అచ్చం ఇలాంటి తుపాకీయే ఉండేది. వేరుశనగ చేలోకి పందులు దిగే రోజుల్లో మంచె మీద ఆయన పక్కన నేనూ పడుకునేవాణ్ణి. తూటా పెట్టే తుపాకీ అయితే మడత విప్పి చూస్తే చాలు, లోపల ఉందో లేదో తెలిసిపోతుంది. ఇది అలా కాదు. మందు పోసి, పీచు కుక్కి, గుళ్లు వేసి, మళ్లీ పీచు పెట్టి గజంతో, అంటే దట్టించే పొడుగాటి కడ్డీతో, దట్టించాక పైకి ఏమీ కనబడదు. నిండిన తుపాకీ, ఖాళీ తుపాకీ గోడకి ఒకేలా ఆనుకుని ఉంటాయి. పెదనాన్న గజం మీద కత్తితో ఒక గాటు పెట్టుకున్నాడు. ముందు క్యాపు, అంటే మందుని అంటించే చిన్న టోపీ, తీసేసి, గొట్టానికి మొహం అడ్డం పెట్టకుండా పక్క నుంచి గజం లోపలికి వదిలేవాడు. గాటు గొట్టం అంచు దగ్గరకొస్తే ఖాళీ. పైకి నాలుగు వేళ్లు మిగిలితే లోపల సరుకున్నట్టు. ఈ గాటు సంగతి చుట్టాలకెవరు చెప్తారు? ముందోడు దట్టించింది తెలియక రెండోవాడు మళ్లీ దట్టిస్తే గొట్టం మొహం మీదే చీలిపోతుంది. అందుకే "దట్టించినోడే పేల్చాల, ఇంకోడు ముట్టకూడదు" అని మా వైపు ముసలోళ్లు పట్టుబట్టేవారు.

ఒక వానరాత్రి క్యాపు టప్పుమంది, తుపాకీ పేలలేదు. పక్క చేను కాపలా ఆయన వచ్చి "మందు తడిసిపోనాదేటి, ఇలాతే సూద్దును" అని గొట్టం వైపు చెయ్యి చాపాడు. పెదనాన్న ఒక చేత్తో ఆయన్ని వెనక్కి తోసేసి, గొట్టాన్ని గట్టు మట్టి వైపే ఉంచి మాట్లాడకుండా నిలబడ్డాడు. కాసేపటికి ధన్‌మని పేలింది, గట్టు మీద మట్టి ఎగిరి మా మీద పడింది. చెమ్మ తగిలిన మందు ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది. చైత్రంలో కూడా సాయంత్రాలు కొండ మీద జల్లులు పడతాయని నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంక పండగ వేట. ఒక జట్టు డప్పులు కొడుతూ జంతువుని తోలుకొస్తుంది, రెండో జట్టు తుపాకులతో కాపు కాస్తుంది. అంటే తోలేవాళ్లు నడిచొచ్చేదే గొట్టాలకి ఎదురుగా. పైగా ఉత్తచేతులతో ఊళ్లోకొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆట పట్టిస్తారు. సరదాకే అనుకో, కానీ పొద్దు వాలేకొద్దీ ఆ సిగ్గే పొద కదిలితే చాలు కొట్టెయ్యమంటుంది. మా బంధువుల ఊళ్లో అలాగే తోలేవాడి పిక్కలోకి గుళ్లు దిగాయి. కేసవుతుందని రెండ్రోజులు పసరు కట్టి ఇంట్లోనే ఉంచారు. కాలు కుళ్లు పట్టాక గానీ ఆస్పత్రికి తేలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎవరికైనా తగిలితే గుళ్లు కెలక్కుండా, గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చెయ్యాలి, కేసు తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. తుపాకీ నిండి ఉందేమో తాతగారినే అడుగు, నువ్వు గెలకొద్దు. ఖాళీ చేశాక తుపాకీ ఒకచోట, మందూ క్యాపులూ ఇంకోచోట తాళం వేసి పెట్టండి. ఆయనకిక చేతకాదంటే, 2016 ఆయుధాల నియమాల ప్రకారం డెబ్బై నిండిన లైసెన్సుదారు తన వారసుడి పేరు చెప్పొచ్చు. నీకు 21 నిండితే దరఖాస్తు పెట్టుకో. చేసేది వ్యవసాయమేనా, పంట కాపలా అవసరం నిజంగా ఉందా అని పోలీసు విచారణ జరుగుతుంది. అక్కర్లేదనుకుంటే స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోండి. ఎన్నికలప్పుడు స్టేషన్లో పెట్టిన అలవాటు తాతగారికి ఉండే ఉంటుంది, కొత్తేమీ కాదు. దాని బదులు చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టకండి, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లే మనిషి ప్రాణమే పోతుంది.

చుట్టాలకి ఏం చెప్పాలంటావా? తాతగారి చేతే చెప్పించు, పెద్దాయన కాదంటే ఎదురు మాట్లాడరు. పండక్కి మాత్రం వెళ్లు. మేక కొనడానికి నీ వాటా డబ్బులిచ్చి, థింసా ఆటలో రెండడుగులు వెయ్యి.