రీలోడింగ్ మొదలుపెడుతున్న బుజ్జికి పెద్దనాయన రాసేది

చిరంజీవి బుజ్జికి,

పెద్దనాయన ఆశీస్సులు. ఇక్కడ కడపలో అందరం బాగున్నాం. నిన్న సాయంత్రం మీ నాయన వచ్చి నువ్వు పంపిన ఫోటోలు చూపించాడు. టెక్సాస్‌లో మీ ఇంటి గ్యారేజీ, కాల్చేసిన ఇత్తడి కేసుల్లో మళ్ళీ తుపాకీమందు, బుల్లెట్ నింపడానికి బల్లకు బిగించిన రీలోడింగ్ ప్రెస్సు, పక్కన 38 స్పెషల్ రివాల్వరు. షూటింగ్ క్లబ్బు పోటీకి పేరు ఇచ్చావట, ఇకమీదట రౌండ్లు, అంటే తూటాలు కూడా సొంతంగా తయారు చేసుకుంటావట. సర్వీసంతా పోలీసు ఆర్మరీలో, ఆయుధాల గదిలో గడిపినవాణ్ణి, మన ఇంట్లో ఇంకొకడికి ఈ ఇష్టం పుట్టిందంటే నాకెంత గర్వమో నీకు తెలియదు. అయినా రాత్రి నిద్ర పట్టలేదు.

మీ జేజికి తుపాకీమందు అనే మాట చెవిన పడింది. ఊళ్ళో నాటుబాంబులు చుట్టిన రోజులు చూసిన మనిషి ఆమె. చుడుతూ చుడుతూ చేతులు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు ఇప్పటికీ చెబుతుంది. అక్కడి చట్టం ఒప్పుకుంటుందమ్మా, అది ఆట అని ఎంతో నచ్చజెప్పాను. తలూపింది కానీ భోజనం చేయలేదు. ఆమె భయంలో సగం నాకూ ఉంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

తెలిసిన సంగతులు ముందు అనేస్తాను. గొట్టం మూతి ఎప్పుడూ బట్, అంటే టార్గెట్ల వెనక మట్టికట్ట వైపే ఉండాలి. కళ్ళద్దాలు, చెవులకు మఫ్‌లు లేకుండా లైన్ మీదికి పోవద్దు. సిలిండరుకూ బ్యారెల్‌కూ మధ్య సందులోంచి మండే గ్యాసు పక్కలకు చిమ్ముతుంది, ఎడమచేతి వేళ్ళు అక్కడికి రానివ్వద్దు. నీకు గుర్తుందో లేదో, దీపావళికి కొనిచ్చిన రీలు తుపాకీని మీ చెల్లెలి ముఖానికి గురిపెట్టావని లాక్కుని గోడవతల పారేశాను. ఆ రాత్రి నువ్వు అన్నం తినకుండా పడుకున్నావు. మీ పెద్దమ్మ నన్ను తిట్టి, నిన్ను లేపి పెరుగన్నం పెట్టింది. ఆ తర్వాత చెక్క తుపాకీని కూడా నువ్వు మనిషి వైపు తిప్పగా నేను చూడలేదు. ఆ ఒక్క విషయంలో నీ మీద నాకు దిగులు లేదు.

ఇక గురి. నీ టార్గెట్ కాగితం ఫోటో కూడా చూశాను. రంధ్రాలన్నీ ఎడమ పక్కకు, కిందికి జారి ఉన్నాయి. కుడిచేతి వాటం వాడికి అలా వస్తే ట్రిగ్గర్ గుంజుతున్నాడనో, చప్పుడు రాబోతోందని ముందే బిగుసుకుంటున్నాడనో అర్థం. ఎంత మంచి రౌండు చేసినా అది కూడా అక్కడికే పోతుంది. కాబట్టి ప్రెస్సు మీద గుడ్డ కప్పి ముందు చేతి సంగతి చూడు.

సిలిండర్‌లో నాలుగు రౌండ్లు, రెండు ఖాళీ కేసులు వేసి, కళ్ళు మూసుకుని తిప్పి మూసెయ్యి. ఏది ఎప్పుడు వస్తుందో నీకు తెలియకూడదు. ఖాళీ కేసు మీద హ్యామర్, అదే తుపాకీ వెనకుండే సుత్తి, పడినప్పుడు గొట్టం చివరుండే ఫ్రంట్ సైట్ కిందికి వంగిందంటే నీ జబ్బు బయటపడినట్టే. ఆ జబ్బుకు విరుగుడు కూడా నేనే చెబుతాను, డ్రై ప్రాక్టీస్, అంటే రౌండ్లు లేకుండా సాధన. రౌండ్లన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేసి, స్నాప్ క్యాపులనే ఉత్తుత్తి రౌండ్లు వేసుకుని, ఖాళీ గోడకేసి రోజూ కాసేపు చెయ్యి. డబుల్ యాక్షన్‌లో నీ వేలే హ్యామర్‌ను లేపాలి, సిలిండర్‌ను తిప్పాలి, అందుకే అంత బరువు. మధ్యలో ఆగకుండా ఒకే లాగుడులో పోవాలి. బ్యారెల్ మీద నాణెం పెట్టి చూడు, హ్యామర్ పడ్డాక కూడా అది కదలకూడదు. ఫ్రంట్ సైట్ అంచు స్పష్టంగా కనబడి, అవతల నల్లచుక్క మసకబారితే టెన్షన్ పడకు, అలాగే ఉండాలి. కన్ను ఒకేసారి రెండు దూరాలు చూడలేదు.

సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో 60 రౌండ్లు ఉంటాయి. మొదటి 30 నిదానంగా, తర్వాతి 30 రౌండ్లకు టార్గెట్ మూడేసి సెకన్లే కనబడి, ఏడు సెకన్లు మాయమవుతుంది. 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో మన షూటర్ జస్పాల్ రాణా అందులో 600కు 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. మూడు సెకన్లలో ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? వేలికి అలవాటైనదే బయటికొస్తుంది.

ఇంకో పని కూడా ప్రెస్సు ముట్టకముందే చేయాలి. నీ రివాల్వరు సిలిండర్‌లో రౌండ్లు కూర్చునే ఆరు ఛాంబర్లు, ఆరింటి మధ్యా వెంట్రుకవాసి తేడాలు ఉంటాయి, ఒక్కోటి బ్యారెల్‌కు ఎదురుగా నిలిచే తీరూ వేరు. వాటికి నంబర్లు వేసుకుని, ఇసుక సంచి మీద చెయ్యి ఆనించి, ఒక్కో ఛాంబరుకు ఒక్కో కాగితం పెట్టి కంపెనీ రౌండ్లతో కాల్చు. ఒక్క ఛాంబరు కాగితం మీదే దెబ్బలు పక్కకు పోతుంటే లోపం ఆ ఛాంబరుది. ఈ లెక్క తేలకుండా సొంత రౌండ్లు మొదలుపెడితే తప్పు చేతిదో, తుపాకిదో, రౌండుదో నీకు ఎప్పటికీ అంతుపట్టదు.

మా ఆర్మరీలో రౌండ్లు తయారు చేసే పని లేదు. లెక్కపెట్టి ఇవ్వడం, కాల్చాక ఖాళీ కేసులు లెక్కపెట్టి తీసుకోవడం, అంతే. రీలోడింగ్ గురించి ఇష్టం కొద్దీ పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. కానీ బాగాలేని రౌండు ఏం చేస్తుందో నా బల్ల మీదే చూశాను.

వార్షిక ఫైరింగ్ రోజు. ఎండ మండుతోంది, త్వరగా ముగించాలని అందరికీ తొందర. బాగా పాతబడిన రౌండ్లు. లైన్ మీద ఉన్న ఒక కానిస్టేబుల్ రివాల్వరు గట్టిగా మోగకుండా తుస్సుమంది. చెయ్యి పైకి లేవలేదు. అతను ఒక్క క్షణం తుపాకీ వైపు చూశాడు. పక్కన అందరూ కాలుస్తున్నారు. మళ్ళీ ట్రిగ్గర్ నొక్కాడు. ఈసారి వచ్చిన చప్పుడుకు లైన్ మొత్తం ఆగిపోయింది.

ఆ రివాల్వరు నా దగ్గరికి వచ్చింది. బ్యారెల్ మధ్యలో ఉంగరం తొడిగినట్టు ఉబ్బింది. లోపలికి చూస్తే వెలుతురు లేదు. ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టగా కొట్టగా రెండు బుల్లెట్లు ఒకదానికొకటి అతుక్కుని బయటపడ్డాయి. మొదటిది సగంలో ఇరుక్కుంది, రెండోది దాన్ని వెనక నుంచి గుద్దింది. దేవుడి దయవల్ల ఇనుము ఆగింది, మనిషికి కనుబొమ మీద చిన్న గాయంతో పోయింది. విచారణలో అతను ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఆర్మరీ గుమ్మం దగ్గర నిలబడి నాతో అన్నాడు, "సార్, చప్పుడు తేడాగా ఉందని నాకు తెలిసింది. అందరూ కాలుస్తున్నారు కదా, నేనొక్కణ్ణే ఆగితే ఏమనుకుంటారో అనుకున్నా."

బుజ్జీ, నువ్వు మొహమాటస్తుడివి. పెళ్ళిలో వడ్డించేవాడు వద్దన్నా వేస్తుంటే తినేరకం. అందుకే చెబుతున్నా, చప్పుడు తగ్గినా, చెయ్యి అదరకపోయినా, పోటీ మధ్యలో ఉన్నా ఆగిపో. తుపాకీని బట్ వైపే ఉంచి కాసేపు ఆగి, సిలిండర్ ఖాళీ చేసి, బ్యారెల్‌లో కడ్డీ దూర్చి చూసుకో. ఎవరు నవ్వినా నవ్వనీ.

కంపెనీ రౌండులో అలా జరగడం అరుదు. నీ గ్యారేజీలో మందు పోసేదీ నువ్వే, తనిఖీ చేసేదీ నువ్వే. మందు పడని కేసులో, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను నెట్టి బ్యారెల్‌లో వదిలేస్తుంది. దీనికి తిరగబడ్డ ప్రమాదం ఇంకోటి ఉంది. 38 స్పెషల్ 1898 నాటిది, బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకీమందు కొలతతో చేసిన పొడుగు కేసు. ఇప్పటి మందు అందులో అడుగున కాస్తే ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా ఒలకదు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది, కాల్చినప్పుడు తుపాకీయే పగలొచ్చు. కాబట్టి కేసులో ఎక్కువ చోటు తీసుకునే మందు ఎంచుకో, రెండోసారి పడితే పొంగిపొర్లాలి. బుల్లెట్లు పెట్టేముందు కేసులన్నీ రంధ్రాలున్న బ్లాకులో వరుసగా నిలబెట్టి టార్చిలైటుతో ఒక్కోదానిలోకీ చూడు. బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలి. ఫోన్ వేరే గదిలో పెట్టు. మధ్యలో ఎవరైనా పిలిస్తే, ఎక్కడిదాకా వచ్చానో గుర్తుందిలే అనుకోకుండా మందంతా తిరిగి డబ్బాలో పోసి మొదటి నుంచి చెయ్యి. కొలతలు మందు కంపెనీ అచ్చువేసిన పుస్తకంలోవే, అదీ అందులో మొదలుపెట్టమన్న అంకె నుంచే. స్నేహితుడు చెప్పాడని ఎక్కువా వద్దు, చెయ్యి అదరకూడదని పుస్తకం కంటే తక్కువా వద్దు. కాగితం టార్గెట్‌కు 148 గ్రెయిన్ల తూకం ఉండే వాడ్‌కట్టర్ రకం బుల్లెట్ చాలు. ముందుభాగం చదునుగా ఉంటుంది కాబట్టి రంధ్రం గుండ్రంగా తెగుతుంది, స్కోరు దగ్గర గొడవ ఉండదు.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది నీ పాప. దోగాడే బిడ్డ, దొరికింది నోట్లో పెట్టుకునే వయసు. బుల్లెట్లో సీసం ఉంది, కాల్చిన ప్రైమర్ మసిలోనూ ఉంది. కేసులు తోమే మిషన్ మూత ఇంట్లో తెరవనే వద్దు, ఆ దుమ్ములో సీసం ఉంటుంది. రేంజి నుంచి రాగానే పాపను ఎత్తుకోవద్దు. ముందు సబ్బుతో చేతులు, ముఖం కడుక్కో, బట్టలు మార్చు, చెప్పులు బయటే వదులు. మందు, ప్రైమర్లు కంపెనీ డబ్బాల్లోనే వేరువేరుగా తాళం లోపల ఉండాలి. ఆ తాళంచెవి మేకుకు తగిలించొద్దు, నీ జేబులో ఉండాలి.

సంక్రాంతికి వస్తున్నారట. రేంజికి తీసుకుపోయే బ్యాగులో బట్టలు సర్దుకోవద్దు నాయనా. అడుగున ఒక్క రౌండు దొర్లి ఉన్నా ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో కనబడుతుంది, ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. మరచిపోయానంటే అక్కడికక్కడ ఎవరూ వినరు. జ్ఞాపకానికని ఖాళీ కేసు కూడా తేవద్దు. ఇక్కడ లైసెన్సు లేకుండా రౌండు తయారుచేయడం 1959 చట్టం ఐదో సెక్షన్ ప్రకారం కుదరదు. మన ఊరి పిల్లలకు నీ ప్రెస్సు వీడియోలు చూపించి ఉబలాటపెట్టకు.

ఆ ఆరు కాగితాలు కాల్చాక ఫోటోలు తీసి నాకు పంపు. ఏది ఏ ఛాంబరుదో నంబరు వెయ్యడం మరచిపోవద్దు. చూసి ఫోన్ చేస్తాను. కోడలికి, పాపకు మా ఆశీస్సులు.

ఇట్లు,
పెద్దనాయన