లినక్స్ వేశాక వైఫై రావట్లేదా? జర్మనీకి వచ్చే మన తిరుపతి, చిత్తూరు పిల్లలకు

జర్మనీలో వింటర్ సెమిస్టర్ చాలా యూనివర్సిటీల్లో అక్టోబరు 1న మొదలవుతుంది. దానికి కొన్ని వారాల ముందు నుంచే మన తిరుపతి, చిత్తూరు పిల్లల ఫోన్లు మొదలవుతాయి. ఇల్లు, బ్యాంకు, ఇన్సూరెన్సు గురించి అడుగుతూ మధ్యలో తప్పకుండా ఈ మాట అంటారు: “అన్నా, కోర్సుకు లినక్స్ కావాలన్నారు. ఉబుంటు వేసినాను, వైఫై మాత్రం రావట్లేదు.” లినక్స్ అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్, ఉబుంటు అందులో ఒక రకం.

ఇంకా ఊళ్లోనే ఉన్నవాళ్లు ఈ పని ఇంట్లోనే తేల్చుకుని రండి. ఇంట్లో రూటర్ చేతికందే దూరంలో ఉంటుంది. నాన్న ఫోనో, పక్కింటి వాళ్ల కంప్యూటరో దొరుకుతుంది. ఇక్కడ దిగిన మొదటి వారంలో అవేవీ ఉండవు. ప్రీపెయిడ్ సిమ్ పనిచేయాలన్నా పాస్‌పోర్టుతో గుర్తింపు రుజువు చేసుకోవాలి. చిరునామా నమోదుకు చాలా నగరాల్లో అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్లోనే తీసుకోవాలి. నెట్ లేకపోతే ఏ పనీ కదలదు, టెన్షన్ మాత్రం పెరుగుతుంది.

ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. విండోస్ జోలికి పోనక్కర్లేదు. అందులో వైఫై వస్తే ఇన్‌స్టాల్ చేశాక కూడా దాదాపు ఖాయంగా వస్తుంది. పోయిన వేసవిలో తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి మా చిన్నాయన మనవడు లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. తెర మీద వైఫై గుర్తే లేదు. “పెదనాన్నా, కార్డు పోయిందేమో, మార్పించాలా?” అని వాడి భయం. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అనే ఆదేశాన్ని, పక్కన హైఫన్ ఎన్ఎన్‌కే చేర్చి, కొట్టించాను. వచ్చిన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ వరుస చివర చదరపు బ్రాకెట్లలో 10ఈసీతో మొదలయ్యే అంకెలున్నాయి. అంటే రియల్‌టెక్ కార్డు. దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస ఉండాలి, అది లేదు. కార్డు బాగానే ఉంది, దాన్ని నడిపే డ్రైవర్ మాత్రం ఆ ఉబుంటులో లేదు. పెన్‌డ్రైవ్ ఎక్కడిదిరా అంటే, సీనియర్ ఇచ్చాడట. అందులో ఉన్నది ఉబుంటు 20.04 వెర్షన్, మొదట విడుదలైనప్పటిది, 5.4 కెర్నల్‌తో. కెర్నల్ అంటే లినక్స్‌కు గుండె లాంటిది, చాలా డ్రైవర్లు దాంతోనే వస్తాయి. వాడి కార్డు ఆర్‌టీఎల్ 8852 రకం. ఆ రకానికి కెర్నల్లో డ్రైవర్ చేరడం 5.16తో మొదలైంది, అంటే 2022 జనవరిలో. అదే పెన్‌డ్రైవ్‌లో 24.04 ఎక్కించి మళ్లీ పెడితే ఒక్క ఆదేశం కూడా కొట్టకుండానే ఇంటి వైఫై కనపడింది.

అందుకే ముందు మీ కార్డు ఏదో తెలుసుకోండి. నెట్‌లో దొరికిన ఆదేశాలన్నీ వరసగా కొట్టుకుంటూ పోతే, వేరే కార్డుకు రాసిన డ్రైవర్ మీ మిషన్లో చేరి అసలు సమస్యను కప్పేస్తుంది. ఆ బ్రాకెట్లలో మొదటి అంకెలు 8086 అంటే ఇంటెల్. కెర్నల్ మరీ పాతది కాకపోతే దీంతో పెద్దగా ఇబ్బంది ఉండదు. 14సీ3 అంటే మీడియాటెక్. ఇప్పటి లాప్‌టాప్‌లలో తరచూ కనిపించే ఎంటీ 7921 కార్డుకు కెర్నల్ 5.12 లేదా ఆపైది కావాలి. 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్. ఎక్కువగా పాత మ్యాక్‌బుక్‌లలో, కొన్ని పాత లాప్‌టాప్‌లలో ఉంటుంది. దీనికి చాలాసార్లు డ్రైవర్ విడిగా వేసుకోవాలి. ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిస్తే అదే చూపిస్తుంది.

డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైర్డ్ కనెక్షన్‌గా గుర్తిస్తుంది, వైఫై కార్డుతో పని ఉండదు. వచ్చేటప్పుడు ఒక యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కూడా కొనుక్కుని రండి. ఇక్కడి స్టూడెంట్ హాస్టళ్లలో చాలా గదుల్లో గోడకు ల్యాన్ సాకెట్ ఉంటుంది, పలుచటి లాప్‌టాప్‌లకు ఆ రంధ్రమే ఉండదు.

ఇలా బయటి డ్రైవర్ వేసేటప్పుడు సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని డ్రైవర్లను ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే, ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర ఒకటి వస్తుంది. అక్కడ కంగారులో బూట్ కొనసాగించమని నొక్కేస్తే డ్రైవర్ లోడ్ కాదు. ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వాలి.

డ్రైవర్ ఉండి కూడా వైఫై ఆన్ కాకపోతే టెర్మినల్లో ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టండి. సాఫ్ట్ బ్లాక్డ్ ఎదురుగా ‘యస్’ ఉంటే, ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే చాలు. హార్డ్ బ్లాక్డ్ ‘యస్’ అయితే కీబోర్డు మీది విమానం బొమ్మ మీటనో, పక్కనున్న స్విచ్‌నో, లాప్‌టాప్ బయోస్ సెట్టింగులనో చూడాలి. విండోస్ కూడా ఉంచుకున్నవాళ్లు అందులో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, కొన్ని కార్డులు ఆ స్థితిలోనే ఉండిపోయి లినక్స్‌కు లొంగవు.

ఇక్కడికి వచ్చాకే ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. చిత్తూరు గ్రీమ్స్‌పేట అమ్మాయి ఒకామె మాస్టర్స్‌కు వచ్చి అద్దె గదిలో దిగింది. ఆ ఇంటి వైఫై ఆమె ఫోన్లో కనిపిస్తుంది, లాప్‌టాప్‌లో కనిపించదు. పక్కింటివాళ్లవన్నీ కనిపిస్తున్నాయి, ఈ ఒక్కటే లేదు. రూటర్ 13వ ఛానల్‌లో ఉంది. ఛానల్ అంటే వైఫై సిగ్నల్ నడిచే దారి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇండియాలోనూ జర్మనీలోనూ 1 నుంచి 13 దాకా వాడొచ్చు. అమెరికాలో మామూలుగా 11 వరకే. ఆమె లాప్‌టాప్‌లో దేశం అమెరికా అని పడి ఉంది, అందుకే 12, 13 ఛానళ్ల వైపు చూడట్లేదు. టెర్మినల్లో ఐడబ్ల్యూ రెగ్ గెట్ కొడితే ప్రస్తుతం ఏ దేశం ఉందో చెబుతుంది. ముందు సూడో (అడ్మిన్ అధికారం ఇచ్చే మాట) చేర్చి ఐడబ్ల్యూ రెగ్ సెట్ డీఈ కొడితే జర్మనీకి మారుతుంది. డీఈ పెద్ద అక్షరాల్లో కొట్టాలి. కొన్ని కార్డులు ఆ మాట వినవు. అప్పుడు ఇంటి ఓనరును అడిగి రూటర్‌ను 1, 6, 11లో ఏదో ఒక ఛానల్‌కు మార్పించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

యూనివర్సిటీలో ఉండేది ఎడ్యురోమ్ అనే వైఫై. మామూలు వైఫైలాగా ఒక్క పాస్‌వర్డ్‌తో కుదరదు. యూజర్‌నేమ్ సాధారణంగా ‘@’ గుర్తూ, యూనివర్సిటీ డొమైనూ కలిపి పూర్తిగా ఇవ్వాలి. ఎడ్యురోమ్ వాళ్ల క్యాట్ సైటులో మీ యూనివర్సిటీ ఉంటే, లినక్స్‌కు ఒక పైథాన్ స్క్రిప్ట్ ఇస్తారు. దాన్ని నడిపితే, అది అసలు యూనివర్సిటీ వైఫైయేనని తేల్చే సర్టిఫికెట్‌తో సహా అన్నీ అదే పెడుతుంది. సర్టిఫికెట్ అక్కర్లేదని టిక్ పెట్టేస్తే తొందరగా కలుస్తుందని ఎవరైనా చెప్తే వినకండి. అదే పేరుతో దొంగ వైఫై పెట్టినవాళ్ల చేతికి మీ యూనివర్సిటీ పాస్‌వర్డ్ చిక్కే ప్రమాదం ఉంది. ఆ పాస్‌వర్డే చాలాచోట్ల మెయిల్‌కు, పరీక్షల నమోదుకు కూడా.

కలిసిన వైఫై మాటిమాటికీ తెగుతుంటే పవర్ సేవింగ్‌ను అనుమానించండి. ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల ఫైల్లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటే 2 చేసి రీస్టార్ట్ చేయండి. బ్యాటరీ కొంచెం త్వరగా దిగుతుంది, వీడియో కాల్ మధ్యలో అమ్మ ముఖం ఆగిపోవడం మాత్రం చాలావరకు తగ్గుతుంది.

ఇన్ని చూశాక కూడా రాకపోతే సీనియర్లనో నన్నో తప్పకుండా అడగండి. అడిగేటప్పుడు లాప్‌టాప్ మోడల్, ఉబుంటు వెర్షన్, కెర్నల్ నంబరు, ఎల్ఎస్‌పీసీఐలో నెట్‌వర్క్ వరుసా దాని కింది డ్రైవర్ వరుసా, ఆర్ఎఫ్‌కిల్ చూపించింది ఫోటో తీసి పంపండి. ఫోన్లో కనిపించే వైఫై లాప్‌టాప్‌లో కనిపిస్తుందో లేదో కూడా రాయండి.