ఎన్ని రోజుల జీతం అన్నది తర్వాత, ఏ జీతం అని ముందు అడగండి

"మా ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చట్టప్రకారం ఇస్తారట. నెలాఖరులోగా సంతకం పెట్టినవారికి ఏడాదికి మరో 10 రోజులు అదనమట. తీసుకుని బయటపడటమా, కేసుకు వెళ్ళడమా?" అని అడిగారు.

ఆ 10 రోజులను కాసేపు పక్కన పెట్టండి. పదిహేనా, పాతికా అని మీరు మీలో మీరు తగవులాడుకుంటూ ఉండాలనే ఆ అంకెను మీ ముందుకు తోశారు. నేను చూసినంతలో ఏ యాజమాన్యమూ తనకు నష్టం వచ్చే చోట బేరానికి కూర్చోదు. నష్టం లేని చోట మాత్రం ఎంతసేపైనా బేరమాడనిస్తుంది, టీలు కూడా తెప్పిస్తుంది.

ఒక లెక్క చూడండి. మీ బేసిక్ 8,000, డీఏ (కరువు భత్యం) 7,000 అనుకుందాం. బేసిక్ ఒక్కదాని మీద 25 రోజులు కడితే 6,667 రూపాయలు. రెండూ కలిపి 15 రోజులే కట్టినా 7,500. అదనం పుచ్చుకున్నవాడికే తక్కువ ముట్టింది! పరిహారం లెక్కలో డీఏ కలపాలని పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఉంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కొత్తదాంట్లో ఇంకో మెలిక ఉంది: అలవెన్సుల పేరుతో సగానికి మించి పక్కకు తీస్తే, ఆ మించినదంతా జీతం కిందే లెక్క. అందుకని మీ చేతికిచ్చిన కాగితంలో మొదట చూడవలసింది రోజులు కాదు, ఆ రోజులను ఏ మొత్తం మీద కట్టారన్నది. నెలజీతం వారికి చివరి మూడు నెలల సగటు తీసుకుంటారు. మూసేముందు షిఫ్టులు ఎందుకు తగ్గిస్తారో ఇప్పుడు అర్థమైందా?

గ్రాట్యుటీ వేరు, మూసివేత పరిహారం వేరు. ఒకటిచ్చి రెండోది అందులోనే ఉందంటే ఒప్పుకోకండి. గ్రాట్యుటీలో నెలను 26 రోజులుగా లెక్కేయాలి. 15,000 మీద ఏడాదికి 15 రోజుల చొప్పున 8,654 వస్తుంది. 30తో భాగిస్తే 7,500 అవుతుంది. ఇరవై ఏళ్ళ సర్వీసుకు ఆ తేడా ఎంతో మీరే వేసుకోండి.

ఇదంతా నాకెలా తెలుసంటే, కోస్తాలో ఒక జూట్ మిల్లు టైం ఆఫీసులో గుమస్తాగా పనిచేశాను. మిల్లు పేరు చెప్పను. హాజరు పుస్తకాలు రాయడం నా పని. అందుకే కార్మికులకు నేను యాజమాన్యం మనిషిని, యాజమాన్యానికి యూనియన్ మనిషిని. 2000 తర్వాతి రోజులు. వంద మంది, అంతకు పైన ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే అప్పట్లో ప్రభుత్వ అనుమతి కావాలి. (ఇప్పుడు ఆ హద్దు 300. మీ ఫ్యాక్టరీలో 290 మంది ఉన్నారంటే అది యాదృచ్ఛికమని నేను నమ్మను.) అనుమతి అడగడం తలనొప్పి కనుక మా వాళ్ళు లాకౌట్ బోర్డు పెట్టి ఊరుకున్నారు. గోగునార వాసన పోయింది, గేటు దగ్గర టీ కొట్టు పోయింది, అప్పులవాళ్ళు మాత్రం పోలేదు. ఏడాది తిరిగేసరికి 'ఎంతో కొంత ఇప్పించండి' అని కార్మికులే అడిగే స్థితికి వచ్చారు. అప్పుడు పిలిచారు బేరానికి.

యూనియన్లు మూడు. మూడింటి నాయకులూ రోజుల సంఖ్య మీదే పంతాలకు పోయారు. ఒకాయన 35 అంటే ఇంకొకాయన 45 అనేవాడు, గేటు మీటింగులో చప్పట్ల కోసం. కార్మికుల్లో పెద్ద భాగమైన బదిలీల సంగతి ఎవరూ ఎత్తలేదు. బదిలీలంటే పర్మినెంటు మనిషి రాని రోజున అతని స్థానంలో పనిచేసేవారు. చాలామంది ఇరవై ఏళ్ళుగా అలాగే వస్తున్నారు. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినట్టు తేలితే చట్టం దృష్టిలో అది ఏడాది సర్వీసే. వేతనంతో కూడిన సెలవులు, ఆదివారాలు కూడా ఆ 240లో కలపాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అయితే 240 పనిచేశానని నిరూపించుకునే భారం కార్మికుడిదేనని 2002లో అదే కోర్టు అంది. పుస్తకాలు ఉండేది యజమాని బీరువాలో, రుజువు తేవలసింది కూలివాడు. ఆ తీర్పు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గర రాజీ సమావేశం. కరెంటు లేదు, గది నిండా జనం. యాజమాన్యం వకీలు లేచి, "బదిలీల మస్టర్లు చెదలు తినేశాయండీ" అన్నాడు. మస్టర్లంటే హాజరు పుస్తకాలు. అవి ఉండే బీరువా నాకు తెలుసు. పై అరలో పర్మినెంటు వాళ్ళ పుస్తకాలు, కింది అరలో బదిలీలవి. పై అర శుభ్రంగా ఉందట, కింది అర మాత్రం చెదలు తిన్నాయట. ఎవరు పర్మినెంటో ఎవరు బదిలీనో చెదలకు కూడా తెలుసన్నమాట!

గోనెసంచుల కుట్టు విభాగంలో పనిచేసిన ఒకావిడ లేచి బల్ల దగ్గరికొచ్చి సంచి విప్పింది. పురికొసతో కట్టిన జీతం చీటీల కట్టలు. ఆవిడకు చదువు రాదు. కానీ ఏ కట్ట ఏ ఏడాదిదో తడుముకోకుండా చెప్పింది: ఇది పెద్దమ్మాయి పుట్టినప్పటిది, ఇది తొంభైలో తుఫాను వచ్చినప్పటిది, ఇది ఇల్లు నేయించినప్పటిది. ప్రతి చీటీలో పని రోజులు రాసి ఉన్నాయి. వకీలు రెండు చీటీలు తిరగేసి, "వీటి మీద సంతకం లేదు, ముద్ర లేదు. ఎవరైనా రాసుకోవచ్చు" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, "గుమస్తాగారూ, ఇది మీ చేతిరాత కాదా? చెప్పండి" అంది.

గదంతా నన్నే చూసింది. "నా రాతేనండీ" అన్నాను. "నా మాట చాలదంటే ఈఎస్ఐ ఆఫీసుకు రాయండి" అని కూడా అన్నాను.

ఈఎస్ఐకి, అంటే కార్మికుల ఆరోగ్య బీమా సంస్థకు, ఆరు నెలలకొకసారి రిటర్ను వెళ్ళేది. ప్రతి మనిషి పేరు, బీమా నంబరు, ఎన్ని రోజులకు జీతం ఇచ్చారు, ఎంత ఇచ్చారు అన్నీ అందులో ఉంటాయి. కింద యాజమాన్యం సంతకం. పర్మినెంటు, బదిలీ అని తేడా ఉండదు, చందా కట్టిన ప్రతివాడూ ఉంటాడు. మిల్లు ప్రతిని చెదలు తిన్నా ఈఎస్ఐ ఆఫీసు ప్రతిని ఆ చెదలే వెళ్ళి తినలేవు కదా. కమిషనర్‌గారు అక్కడికక్కడే ఉత్తరం రాయించారు. వకీలు మొహం చూడాలి!

తర్వాతి సమావేశానికి బదిలీల జాబితా నాలుగింతలైంది. రోజుల సంఖ్య మాత్రం యాజమాన్యం చెప్పినదానికంటే పెద్దగా పెరగలేదు. అయినా ఆ ఒప్పందం మీద యాజమాన్యానికి పడిన భారంలో ఎక్కువ భాగం ఈ జాబితా వల్లే. నాయకులు పూలదండలు మాత్రం రోజుల సంఖ్యకే వేయించుకున్నారు. కుట్టు విభాగం ఆవిడకు దండ వేయాలని ఒక్కరికీ తోచలేదు.

ఇక మిల్లు స్థలం గురించి ఎవరూ మాట్లాడరు. 1982 సమ్మె తర్వాత ముంబయి మిల్లులు ఒక్కొక్కటే మూతపడితే ఆ నేల మీద మాల్స్, ఆకాశాన్నంటే భవనాలు లేచాయి. అక్కడ మగ్గాల మీద పనిచేసినవారిలో తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీలు ఎందరో. నష్టాల్లో ఉన్నానని ఏడ్చే యజమాని తన భూమి విలువ ఆ నష్టాల లెక్కలో చూపడు. డబ్బు చాలక చేతులెత్తేశానంటే అది తప్పించుకోలేని పరిస్థితి కిందకు రాదని పాత చట్టమే చెప్పింది. తప్పించుకోలేక మూశాం కనుక మూడు నెలల జీతమిచ్చి సరిపెడతామనే వాదన అక్కడితో కొట్టుకుపోతుంది.

మీ విషయానికి వస్తాను. ఆ కాగితంలో సంతకం గీతకు పైన ఏముందో చదవండి. "స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను" అని ఉంటే పెట్టకండి. రాజీనామా చేసినవాడికి మూసివేత పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. విడివిడి సంతకాలు కాకుండా లేబర్ అధికారి సమక్షంలో రాజీ ఒప్పందం అడగండి. పాత చట్టంలోని సెక్షన్ నంబరుతో మేము దాన్ని 12(3) అనేవాళ్ళం. అది యూనియన్‌లో లేనివాడికి కూడా వర్తిస్తుంది, అందులోని సొమ్ము ఎగ్గొడితే భూమిశిస్తు బకాయిలా కలెక్టరు ద్వారా వసూలు చేయించవచ్చు. మా చివరి వాయిదా అలాగే వచ్చింది, బుద్ధిగా ఇచ్చింది కాదు. వాయిదాలంటే తేదీలు, ఆలస్యానికి వడ్డీ కూడా రాయించండి.

ఇవన్నీ కుదిరితే ఆ 10 రోజులూ సంతోషంగా తీసుకోండి. కేసు అంటే మీ వయసులో చాలా ఏళ్ళు, వాళ్ళకు వకీలు జీతం మాత్రమే.

ఈ రాత్రికే పీఎఫ్ పోర్టల్‌లో మీ సర్వీసు హిస్టరీ తెరిచి మీరు చేరిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి. తప్పుంటే సరిచేయడానికి, ముఖ్యంగా పాత ఖాతాలకు, యజమాని ధ్రువీకరణ అవసరం పడవచ్చు. గేటుకు తాళం పడ్డాక దాని కోసం ఎవరి వెంట తిరుగుతారు?