రెండో బోరా, డ్రిప్పా? ముందు నీటిని కొలవండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతం. ఐదెకరాల భూమి, ఒక బోరు ఉన్నాయి. రెండెకరాల్లో టమాటా వేసి కాలువల ద్వారా నీరు కడుతున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి చివరి సాళ్లకు నీరు అందక కాయ సన్నబడుతోంది. అప్పు చేసైనా ఇంకో బోరు వేయించమని మా అన్న, డ్రిప్పు వేసుకోమని మా అబ్బాయి చెబుతున్నారు. కరెంటు ఉచితమే కదా, నీరు ఆదా చేస్తే నాకు మిగిలేదేమిటి?
— ఒక టమాటా రైతు

జవాబు: ఈ విషయంలో మీ అబ్బాయి మాటే సరైనదని నా అభిప్రాయం. మీ ప్రాంతంలో ఉన్నది గట్టి రాతి నేల. లోతులో నీరు ఎక్కువగా ఆ రాతి పగుళ్లలోనే ఉంటుంది. దగ్గర దగ్గరగా వేసిన బోర్లు చాలాసార్లు ఒకే పగులు నుంచి నీటిని పంచుకుంటాయి. మా నాన్నగారు మొదటి బోరుకు ఎనభై గజాల దూరంలో రెండోది వేయించినప్పుడు నీరు పడిందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. నెల తిరగకుండానే పాత బోరు తగ్గిపోయింది. రెండింటి నీరూ కలిపి చూస్తే మునుపు ఒక్కటి పోసినంతే ఉంది, అప్పు మాత్రం ఐదేళ్లపాటు కట్టవలసి వచ్చింది.

కరెంటు ఉచితం కాబట్టి నీటి ఆదా వల్ల మీకు బిల్లు తగ్గదన్నది నిజమే. మీకు లాభం వచ్చేది ఉన్న నీటితో పంటను చివరిదాకా నిలబెట్టుకోవడంలో. అది ఎంతో తెలియాలంటే ముందు బోరును కొలవాలి. మే నెలలో మోటారు మూడు గంటలు నడిచిన తర్వాత 200 లీటర్ల డ్రమ్మును పైపు కింద పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో సెల్‌ఫోనులో చూడండి. మోటారు వేసిన వెంటనే కొలిస్తే బోరులో రాత్రంతా ఊరిన నీరు మిమ్మల్ని మోసం చేస్తుంది.

డ్రమ్ము 72 సెకన్లలో నిండిందనుకుందాం. అంటే గంటకు 10,000 లీటర్లు, 9 గంటల కరెంటుకు 90,000 లీటర్లు. నిండుగా ఎదిగిన టమాటా తోటకు మండు వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్ల నీరు కావాలని లెక్క వేస్తే, ఎకరానికి 24,000 లీటర్ల పైచిలుకు అవుతుంది. కాలువలో పారించేటప్పుడు సగం నీరు దారిలో ఇంకిపోవడమో, వేర్లకు అందనంత లోతుకు దిగిపోవడమో జరిగితే, ఎకరానికి దాదాపు 48,000 లీటర్లు తోడాలి. డ్రిప్పులో పదో వంతు పోయినా 27,000 లీటర్లు చాలు. అదే బోరు కాలువ సాగులో రెండెకరాలకు కూడా చాలదు, డ్రిప్పులో మూడెకరాలకు పైగా తడుపుతుంది. మీ చివరి సాళ్లు ఎందుకు ఎండుతున్నాయో ఈ లెక్కలోనే ఉంది.

వేసవిలో కాయ నిలుపుకోగలగడం మీ ప్రాంతపు టమాటా రైతుకు ఎంత విలువైనదో మీకు నేను చెప్పనక్కరలేదు. 2023 జులైలో కిలో టమాటా వంద రూపాయలు దాటినప్పుడు ఆ ధర దక్కింది తోటలో కాయ మిగిలి ఉన్నవారికే. ఏటా అలాంటి ధర రాదు కాబట్టి దాన్ని ఆశించి అప్పు చేయమని అనను. అయితే ఏటా తప్పకుండా తగ్గే ఖర్చులు కొన్ని ఉన్నాయి. మడవలు తిప్పడానికి రోజంతా ఒక మనిషి నిలబడనక్కరలేదు. సాళ్ల మధ్య నేల పొడిగా ఉంటుంది కనుక కలుపు కూలీ తగ్గుతుంది. యూరియా, తెల్ల పొటాష్ వంటి నీటిలో పూర్తిగా కరిగే ఎరువులను, కరిగిన ఎరువును డ్రిప్పు పైపులోకి లాగే వెంచురీ అనే పరికరం ద్వారా విడతలుగా వేరు దగ్గరికే పంపవచ్చు. మామూలు డీఏపీ మాత్రం పైపుల్లో కలపకండి, అది పూర్తిగా కరగక డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

ఇక పెట్టుబడి. కేంద్ర పథకం కింద సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, మిగతావారికి 45 శాతం రాయితీ ఉంది. దానిపై రాష్ట్రం తన వాటా కలుపుతుంది. ఈ ఏడాది మీ వర్గానికి మొత్తం ఎంత వస్తుందో రైతుసేవా కేంద్రంలో అడిగి, మీ చేతినుంచి పడే మొత్తాన్ని రాయించుకోండి. గత ఏడాది నీరు కట్టడానికి, కలుపుకు ఇచ్చిన కూలీ, ఎండిన సాళ్లలో పోయిన పెట్టెల ధర కలిపి దాని పక్కన వేస్తే, ఎన్ని పంటల్లో డబ్బు తిరిగి వస్తుందో మీకే తెలుస్తుంది.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నాను. నీరు మిగిలింది కదా అని మొదటి ఏడాదే ఐదెకరాలకూ పైపులు పరచవద్దు. అలా చేస్తే తోడే నీరు తగ్గదు, నష్టపోయే విస్తీర్ణం మాత్రం పెరుగుతుంది. పై లెక్క మీ బోరుకూ సరిపోతే రెండున్నర ఎకరాల దగ్గర ఆగండి. ఉమ్మడి రాష్ట్రంలో రైతులే నిర్వహించుకున్న భూగర్భజల పథకం కింద, మీ జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో, ఊరివాళ్లు వాన, బోర్ల నీటిమట్టం తామే కొలిచి, రబీకి ముందు కలిసి కూర్చుని నీటి లెక్క చూసుకున్నాకే పంటలు ఎంచుకునేవారు. మీ ఊళ్లో ఆనాటివారు ఉంటే తప్పక కలవండి.

ప్రశ్న: మాది కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూమి. వరికి డీజిల్ ఇంజనుతో నీరు తోడుకోవాల్సి వస్తోంది. ఈ ఖర్చు తగ్గే మార్గం ఉందా?
— ఒక కౌలు రైతు

జవాబు: ఉంది. పొలంలో నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలన్న పట్టింపు వదులుకోండి. అడుగుపొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగంలో రంధ్రాలు పెట్టి, ఆ భాగం మట్టిలో ఉండేలా దించి, లోపలి మట్టి తీసేయండి. నాటు వేసి మొక్క కుదురుకున్నాక, గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ తడి ఇవ్వండి. పూతకు ముందు వారం నుంచి పూత అయిన వారం వరకు మాత్రం నీరు నిలవాలి. ఇంజను వేసే సార్లు తగ్గితే ఆ డీజిల్ డబ్బు నేరుగా మీకే మిగులుతుంది. కాలువ నీరు పుష్కలంగా అందే ఎగువ రైతుకు ఈ లాభం కనబడదు, ఎందుకంటే నీటి తీరువా ఎకరాన్ని బట్టే గాని వాడిన నీటిని బట్టి ఉండదు. కనుక పై భూముల్లోనూ ఈ పద్ధతి పాటించేలా మీ నీటి సంఘం సమావేశంలో అడగండి. అక్కడ ఆగిన ప్రతి తడీ మీ చేనుకు వచ్చే నీరే.