కరెంటు సందేహాలు: ముందు తీగ చూడండి, తర్వాత ఫెర్రూల్ కొనండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కేబుల్ జాయింట్ల గురించే. యాసంగి కదా, బోర్లన్నీ నడుస్తున్నాయి. టేపు చుట్టి మట్టి కప్పేసిన జాయింట్ల బండారం ఇప్పుడే బయటపడుతుంది. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి ఇవే తీసుకున్నాను. ఫెర్రూల్ అంటే రెండు తీగల చివరలు దూర్చి, నొక్కి కలిపే లోహపు గొట్టం.

ప్రశ్న: మీటరు నుంచి బోరు దాకా భూమిలో మూడున్నర కోర్ (మూడు ఫేజు తీగలు, సన్నటి న్యూట్రల్ ఒకటి) 25 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం ఆర్మర్డ్ (పైన ఇనుప తీగల తొడుగున్న) కేబుల్ వేశాం. పైపులైను కోసం జేసీబీతో తవ్విస్తుంటే తెగింది. మా ఎలక్ట్రీషియన్ తీగలు మెలేసి టేపు చుట్టాడు. రెండుసార్లు కాలింది. రెండోసారి 15 హెచ్‌పీ మోటారు వైండింగ్ కూడా పోయింది. ఒక షాపాయన రాగి ఫెర్రూల్ ఇస్తానంటాడు, ఇంకొకాయన బోల్టులది తీసుకోమంటాడు. ఏది కొనాలి? (రైతు, జనగామ దగ్గర)

జవాబు: రాగి ఫెర్రూల్ మాత్రం వద్దన్నా. మీ తీగ అల్యూమినియం. అల్యూమినియానికి గాలి తగిలిన మరుక్షణం పైన సన్నటి పొర కడుతుంది. అది కరెంటును సరిగా పోనివ్వదు. పైగా వేడెక్కినప్పుడు అల్యూమినియం రాగి కంటే ఎక్కువ సాగుతుంది. మోటారు వేసి ఆపిన ప్రతిసారీ రెండూ చెరో కొలతలో సాగి ముడుచుకుంటుంటే పట్టు వదులవుతుంది. దానికి నేల తేమ తోడైతే రెండు లోహాల మధ్య తినివేత మొదలవుతుంది, అందులో అరిగేది అల్యూమినియమే. మీ పాత జాయింటులో రాగి లేదు, అయినా కోసి చూడండి, తేమకు తీగపోగుల మధ్య తెల్లటి పొడి కట్టి ఉండొచ్చు.

మెలేసిన జాయింటు ఎందుకు కాలిందో లెక్క చెప్తాను. 25 స్క్వేర్ అల్యూమినియం తీగకు కిలోమీటరుకు 1.2 ఓమ్ రెసిస్టెన్సు. అంటే జానెడు కూడా లేని మంచి జాయింటుకు మిల్లీ ఓమ్‌లో ఎనిమిదో వంతో తొమ్మిదో వంతో ఉండాలి. మెలేసిన జాయింటు వదులై 20 మిల్లీ ఓమ్‌లకు చేరిందనుకోండి. మోటారు 25 ఆంపియర్లు లాగుతుంటే అక్కడ పుట్టే వేడి 12.5 వాట్లు. రేడియో రిపేరు షాపులో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో సగం, అదీ టేపు కింద, గంటల తరబడి. స్టార్ట్ చేసే క్షణంలో కరెంటు ఐదారు రెట్లు ఉంటుంది, వేడి దాని వర్గం లెక్కన పెరుగుతుంది. ఇక టేపు కరగక ఏమవుతుంది? ఒక ఫేజు తెగింది, మోటారు రెండు ఫేజుల మీద నడవబోయి ఎక్కువ కరెంటు లాగింది, వైండింగ్ పోయింది. స్టార్టర్‌లో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేది) ఉందా? ఉంటే పనిచేస్తోందా? కొత్త మోటారు దింపే ముందు అది చూపించండి.

ఇప్పుడు ఏది కొనాలో చెప్తాను. మీకు రెండు దారులున్నాయి.

మొదటిది అల్యూమినియం ఫెర్రూల్. 25కి 25దే, న్యూట్రల్ 16 కాబట్టి దానికి 16ది. లోపల గ్రీజు నింపి, రెండు చివరలా మూతలు పెట్టి ఉన్నది దొరికితే తీసుకోండి. కానీ దీనికి హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ (ఫెర్రూల్‌ను గట్టిగా నొక్కే పనిముట్టు), అందులో పెట్టే సరిపడే డై (నొక్కే అచ్చు) కావాలి. ఇంకో చిక్కుంది. ఇలాంటి కేబుల్లో ఒక్కో కోర్ గుండ్రంగా ఉండదు, నాలుగు కలిస్తే గుండ్రమయ్యేలా పలకగా ఉంటుంది. గుండ్రటి ఫెర్రూల్‌లోకి అది దూరదు. దూరడం లేదని చాలామంది రెండు మూడు పోగులు కత్తిరించేస్తారు. అలా చేస్తే 25 కేబుల్ కొని ఆ చోట అంతకంటే సన్నటి తీగ వాడినట్టే. రౌండింగ్ డైతో ముందు గుండ్రం చేయాలి, ఆ తర్వాతే ఫెర్రూల్.

రెండోది ఆ బోల్టులది, షియర్ బోల్ట్ కనెక్టర్. తగరం పూత వేసిన అల్యూమినియం గొట్టానికి పైన బోల్టులుంటాయి. బిగిస్తూ పోతే సరిపడా బిగుతుకు రాగానే బోల్టు తల అదే తెగి చేతికొస్తుంది. డై అక్కర్లేదు, పలక తీగనూ పట్టుకుంటుంది, ఒక్కటే కనెక్టరు చాలా సైజులకు సరిపోతుంది. దాని మీద 25-95 అని అలా రాసి ఉంటుంది, మీ న్యూట్రల్ 16 కూడా ఆ కొలతలో పడుతుందో లేదో చూసుకోండి. ధర ఎక్కువ. ఒకసారి తల తెగితే మళ్లీ వాడలేం. పైన వేసే స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టే తొడుగు) కూడా కొంచెం పెద్దది కావాలి.

మీ ఊళ్లో హైడ్రాలిక్ టూల్ ఉన్న మనిషి లేడనుకుంటున్నాను, ఉంటే మెలేసేవాడే కాదు. కాబట్టి నా ఓటు బోల్టులదానికే. తెగింది ఒక్క చోటే కదా, ఆ తేడా డబ్బు మోటారు రీవైండింగ్ ముందు లెక్కలోది కాదు. కటింగ్ ప్లేయర్‌తో నొక్కిన ఫెర్రూల్, సుత్తితో కొట్టిన ఫెర్రూల్ కంటే మాత్రం ఏదైనా నయం.

ఏది వేసినా పని ఇలా సాగాలి. తీగను స్టీలు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, ఆలస్యం చేయకుండా జాయింటింగ్ గ్రీజు పూసి లోపలికి తోయాలి. గ్రీజు చేతికి అంటుతోందని తుడిచేస్తారు కొందరు. అది ఆ పొర మళ్లీ కట్టకుండా ఆపేది, ఉండనివ్వండి. ఫెర్రూల్ అయితే నడుమ నుంచి చివరలకు నొక్కుతూ రావాలి. కోర్ల మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్‌లు, అన్నిటి మీద పెద్ద స్లీవ్. ఇవన్నీ స్ట్రెయిట్ త్రూ జాయింట్ కిట్ పేరుతో ఒకే పెట్టెలో దొరుకుతాయి. తీగలు కలిపే ముందే స్లీవ్‌లు కేబుల్‌కి ఎక్కించాలని వేరే చెప్పాలా? చెప్పాలి, మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఆర్మర్ ఇనుప తీగల్ని రెండు వైపులా కలపడం మానేయొద్దు. ఆర్మర్‌నే ఎర్త్‌గా వాడుతున్నచోట అది తెగి ఉంటే అవతలి పెట్టెకు ఎర్త్ లేనట్టే. కిట్‌లో వచ్చే అల్లిన రాగి పట్టీ, క్లాంపులు అందుకే. తర్వాత మెగ్గర్‌తో (ఇన్సులేషన్ బాగుందో లేదో చూపే మీటరు) చూసి, ముప్పావు మీటరు లోతులో ఇసుక పరిచి పడుకోబెట్టి, పైన ఇటుకలు పేర్చండి. ఈసారి జేసీబీ వస్తే ముందు ఇటుక తగులుతుంది.

ఒక్కమాట. ఫ్యూజు తీయడానికి మీరే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లకండి. లైన్‌మన్‌కి చెప్పి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీయించండి. కరెంటు పోయింది కదా అని మొదలుపెట్టిన పనుల్లోనే మనుషులు పోతున్నారు.

ప్రశ్న: మా రైస్ మిల్లులో ప్యానెల్‌కి 70 స్క్వేర్ అల్యూమినియం కేబుల్ వస్తుంది, లోపల బస్‌బార్ (కరెంటు పంచే లోహపు పట్టీ) రాగిది. రాగి లగ్గు (కేబుల్ చివర నొక్కి, బోల్టుతో బిగించేది) వేశాం. ఆర్నెల్లకోసారి బోల్టు నల్లబడుతోంది. బిగిస్తూనే ఉన్నాం. (మిర్యాలగూడ)

జవాబు: ఊరికే బిగిస్తే లాభం లేదు. అల్యూమినియం మెత్తటి లోహం, ఒత్తిడికి మెల్లగా పక్కకు జరుగుతుంది. మీరు బిగించేకొద్దీ జరుగుతూనే ఉంటుంది. బైమెటాలిక్ లగ్గు వేయండి. దాని గొట్టం అల్యూమినియం, బోల్టు పట్టే ఆకు రాగి, రెంటినీ ఫ్యాక్టరీలోనే అతికిస్తారు కాబట్టి అతుకులోకి తేమ పోదు. దొరక్కపోతే మంచి అల్యూమినియం లగ్గు, బస్‌బార్‌కి మధ్య బైమెటాలిక్ వాషరు. వాషరులో రాగి వైపు బస్‌బార్‌కి, అల్యూమినియం వైపు లగ్గుకి ఉండాలి. తిరగేసి వేసినవి కూడా చూశాను. పాత లగ్గు కోసేటప్పుడు నల్లబడిన తీగ మొత్తం తీసేసి మెరిసే తీగ వచ్చేదాకా వెనక్కి రండి. కేబుల్ పొడవు చాలకపోతే అప్పుడు చూద్దాం.

ప్రశ్న: బోరులోకి దింపే ఫ్లాట్ కేబుల్‌కి మోటారు దగ్గర జాయింటు ఎలా? టేపు ఎన్ని చుట్లు? (కదిరి)

జవాబు: చుట్ల లెక్క తర్వాత. అక్కడ రెండు వైపులా రాగే కాబట్టి రాగి ఫెర్రూల్, సైజుకు సైజు. మూడు కోర్లనూ ఒకే చోట కలపకుండా మెట్లుమెట్లుగా కోసి, మూడు జాయింట్లూ పక్కపక్కన పడకుండా చూడండి. లావు తగ్గుతుంది, కేసింగుకు రాసుకోదు, ఒకటి చెడినా పక్కదాన్ని అంటుకోదు. స్లీవ్ అయితే లోపల జిగురున్నదే. జిగురు లేనిది వేడికి చక్కగా ముడుచుకుని చూడ్డానికి బాగుంటుంది, నీళ్లు మాత్రం పోతాయి. టేపు అయితే ముందు సాగదీసి చుట్టే రబ్బరు టేపు, దానిపైన పీవీసీ టేపు. వట్టి పీవీసీ టేపు ఎన్ని చుట్లు వేసినా దండగే. దింపే ముందు జాయింటును బకెట్ నీళ్లలో ముంచి కాసేపు ఉంచి, 500 వోల్టుల మెగ్గర్‌తో తీగకూ నీళ్లకూ మధ్య చూడండి. రీడింగు పడిపోతే బకెట్‌లోనే తెలుస్తుంది, పైపులు దించి మళ్లీ ఎత్తే బాధ తప్పుతుంది. కేబుల్‌ను పైపుకు అక్కడక్కడా కట్టండి, బరువంతా జాయింటు మీద వేలాడకూడదు.

ప్రశ్న: దోహాలో ఎలక్ట్రీషియన్‌ని, మాది జగిత్యాల. 120 రాగి కేబుల్‌కి లగ్గులు నొక్కుతున్నాం. 120 డై లేదు, 95 డైతో నొక్కేయమంటున్నాడు ఫోర్‌మన్. సరేనా?

జవాబు: సరికాదు తమ్ముడూ. చిన్న డైతో నొక్కితే లగ్గుకు రెండు పక్కలా రెక్కలు లేస్తాయి. లోపల తీగ నలిగిపోతుంది, గొట్టం పగలొచ్చు కూడా. లగ్గు మీద అచ్చు చూడు. అది డిన్ 46235 (జర్మన్ ప్రమాణం) రకం అయితే 120కి కోడ్ నంబరు 20 ఉంటుంది, 95కి 18. లగ్గు మీద 20 ఉంటే డై మీదా 20 ఉండాలి. సరిగ్గా నొక్కితే ఆరు పలకలు పదునుగా వస్తాయి. చాలా డైలు తమ నంబరును కూడా గొట్టం మీద అచ్చు వేస్తాయి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు చూసేది అదే. ఫోర్‌మన్‌తో గొడవ పెట్టుకోకు, ఆ రెండు నంబర్లూ చూపించి డై తెప్పించమని మర్యాదగా అడుగు.

ప్రశ్న: స్తంభం మీద ఏబీ కేబుల్‌కి (పైతోలున్న తీగలు కలిపి పేనినది) వేసే పళ్ల కనెక్టరు, పైతోలు తీయకుండానే పట్టేది, భూమిలో వాడొచ్చా? (తణుకు)

జవాబు: వద్దు. అది గాలిలో ఉండే తీగ నుంచి సర్వీసు తీసుకోవడానికి. మట్టిలో వేస్తే పళ్లు దిగిన చోటికి నీళ్లు చేరతాయి, దాన్ని పూర్తిగా మూసే స్లీవూ దొరకదు.